మూత లోపలి పేరు

కరెంటు పోయి చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే, తెల్లారేసరికి చేపలు చచ్చి తేలతాయి. అందుకే కరెంటు పోగానే రైతుకి ఫోన్ చేసే చిన్న పెట్టె ఒకటి తయారుచేసి, దాని నమూనా మొత్తం నెట్‌లో పెట్టాను. ఎవరైనా చేసుకోండి, నౌషాద్, ఏలూరు అని నా పేరు ఉంచండి చాలు అని రాశాను.

మొన్న కొల్లేరు పక్కన ఓ చెరువు గట్టున అదే పెట్టె కనిపించింది. పైన స్టిక్కరు: నిహారిక, తాడేపల్లిగూడెం, కింద కొట్టు అడ్రసు, ఫోన్ నంబరు. ఒళ్లు మండిపోయింది. భీమడోలు వచ్చి గూడెం బస్సెక్కాను. ఉంగుటూరు దాటినా తిట్లు కూడబెట్టుకుంటూనే ఉన్నాను.

అదొక ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. కౌంటరు వెనక పాతికేళ్ల పిల్ల.

"నిహారికవి నువ్వేనా? నా పేరు పీకేసి నీ పేరు అంటించుకుంటావా?"

"నౌషాద్ గారాండీ? కూర్చోండి. ఆ స్టిక్కరు రిపేరొస్తే ఫోన్ చెయ్యడానికండీ. మీరు మూత విప్పి చూళ్లేదా?"

ఇరవై ఏళ్ల మెకానిక్‌ని. చేసినవాడి పేరు మూత లోపల రాయడం మా పనివాళ్ల అలవాటు, తర్వాత విప్పేవాడికి తెలియాలని. కోపంలో అదే మరిచాను.

ఆమె కొత్త పెట్టె తెచ్చి మూత విప్పింది. లోపల మార్కరుతో రాసి ఉంది: మూలం లాల్ బాషా. తర్వాత నౌషాద్, ఏలూరు. ఆ తర్వాత నిహారిక.

మూత వెలుతురులోకి తిప్పి ఆ మొదటి పేరు మళ్లీ చదివాను.

"మీరు నెట్‌లో పెట్టిన ఫొటోలో, నమూనా గీసిన కాగితం మూలన ఆయన సంతకం ఉందండీ. ఎవరండీ ఆయన?"

నాకు పని నేర్పిన గురువు. ఆ పెట్టెని కాగితం మీద గీసింది ఆయనే. నేను దానికి ఫోన్ తగిలించానంతే. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టయింది నా పని.

"చూపు తగ్గి కొట్టు మానేశారమ్మా," అన్నాను. "నా పేరు కూడా పెట్టావట్రా అని పోయినేడు అడిగారు. పెట్టానని చెప్పాను. ఆ సాయంత్రం మా వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పుకున్నారు."

నిహారిక ఇంకో మూత తీసింది.

"ఆయనకి కనపడేలా పెద్దక్షరాలతో రాసిస్తానుండండి."

"వద్దమ్మా, నేను రాస్తాను."

మార్కరు అందుకుని లాల్ బాషా అని మూత నిండా రాశాను. కింద నా పేరు రాయడానికి చెయ్యి రాలేదు.