అడుగున తెల్ల పళ్లెం

రాయచూరులో సముద్రం ఎందుకమ్మా అని అడిగిన ప్రతివాళ్ళకీ నేను చెప్పే జవాబు ఒకటే: నా ఇష్టం. ఇరవై రెండేళ్ళుగా రైస్ మిల్లులో బియ్యం తప్ప మరొకటి చూడని కళ్ళు ఇవి. ఇంటికొచ్చాకైనా కాస్త రంగు చూడాలనుకున్నాను. అదేమన్నా నేరమా?

నా పేరు తిరుమలమ్మ. మొదట్లో మా మిల్లులో పదకొండు మంది ఆడవాళ్ళం చేటలు ముందేసుకుని నల్లగింజ, పసుపుగింజ ఏరేవాళ్ళం. తర్వాత సార్టెక్స్ మిషను వచ్చింది. గింజ మీద వెలుతురు కొట్టి, రంగు తేడా ఉన్నదాన్ని గాలితో బయటికి ఊదేస్తుంది. పదిమంది ఇళ్ళకు పోయారు. నేను పోలేదు. "ఆడమనిషికి మిషన్ ఏం తెలుస్తది" అన్న మేనేజరు పక్కనే నిలబడి నేర్చుకున్నాను. ఇప్పుడు దాన్ని నడిపేది నేనే. దీపం ఎంత పెంచాలో, లెన్సు ఎటు తిప్పాలో ఆ మేనేజరే వచ్చి నన్ను అడుగుతాడు.

ఇక నా తొట్టి సంగతి. ఉప్పునీళ్ళ తొట్టి, అందులో రెండు నారింజ రంగు చేపలు, కొన్ని మెత్తటి పగడాలు. గట్టి పగడాలు సముద్రంలోంచి తీయకూడదని చట్టముంది. నావి తొట్లలో పెంచి ముక్కలుగా పంచుకునే మెత్తని రకం. వాటిలో పెద్దది తోలు పగడం. గొడుగులాంటి తల, తల నిండా వందల చిన్న చిన్న వేళ్ళు. బాగున్న రోజు ఆ వేళ్ళన్నీ బయటపెట్టి నీళ్ళలో ఊగుతుంది. బాగా లేని రోజు వేళ్ళన్నీ లోపలికి లాక్కుని ఉత్త తోలుముక్కలా పడుంటుంది. అది నా చేతికి వచ్చినప్పుడు నా బొటనవేలంత ఉంది. ఇప్పుడు అరచేయంత అయింది. మిగతావన్నీ ఒకెత్తు, అదొక్కటే ఒకెత్తు నాకు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. తొట్టి చేసే అద్దాలతను "ఎంత ఎత్తు చేయమంటావక్కా?" అని అడిగితే "మూడడుగులు చెయ్" అన్నాను. మా వీధికి వేసవిలో నల్లా నాలుగు రోజులకొకసారి వస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు నీళ్ళ పాత్ర అంటే లోతుండాలి, అంతే. డ్రమ్ము లోతు, సంపు లోతు, బిందె లోతు చూసి కొంటాం. అదే లెక్కన తొట్టి కూడా లోతుగా చేయించాను. పగడం వెలుతురు తిని బతుకుతుందని, మూడడుగుల అడుక్కి ఆ వెలుతురు దిగాలని అప్పుడు ఎవరు చెప్పారు నాకు?

మొదట పెట్టిన ట్యూబులైట్ల కింద తోలు పగడం మెడ సాగదీసి పైకి వంగిపోయింది. వేళ్ళు బయటపెట్టడం తగ్గించేసింది. పైకి మార్చొచ్చు కదా అంటారు. అది అడుగు రాయికి అతుక్కుపోయింది, ఆ రాయి మీదే మిగతా రాళ్ళన్నీ నిలబడి ఉన్నాయి. అందుకని చేపల షాపు విజయేంద్ర దగ్గరికి వెళ్ళాను. పట్టణంలో ఉప్పునీళ్ళ సామాను అమ్మేది అతనొక్కడే.

"గీ లోతుకు గీ రెండు లైట్లు పెట్టాలక్కా. వేరే దారి లేదు," అని డబ్బాలు తీసి చూపించాడు.

"ఈ పైసలకు నాకో స్కూటీ వస్తది కదా."

"అయితే స్కూటీనే కొనుక్కో అక్కా. పగడాలు పెద్దోళ్ళ షోకు."

ఒళ్ళు మండిపోయింది నాకు. పెద్దోళ్ళట! అక్కడికక్కడే లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి నిమ్మళంగా ఆలోచించాను. ట్యూబులు వెలుతురును పక్కలకు పరుస్తాయి కానీ కిందికి నెట్టలేవు. పాతకాలం పెద్ద బల్బులైతే అడుగుదాకా దిగుతాయి, కానీ మన మే నెలలో అవి పెడితే ఆ వేడికి చేపల పులుసే. మిగిలింది ఎల్‌ఈడీ డబ్బాలైటు. అందులోనూ వెడల్పు లెన్సుది, ఇరుకు లెన్సుది అని రెండు రకాలు. అందరూ వెడల్పుదే కొంటారు, తొట్టి అంతా వెలుగుతుందని. నా తొట్టి పొడవు తక్కువ, లోతు ఎక్కువ. వెడల్పు లెన్సు పెడితే సగం వెలుతురు అద్దాలకే పోతుంది. సార్టెక్స్‌లో వెలుతురు సన్నగా, సూటిగా ఎందుకు కొడతామో నాకు తెలియదా? ఇరుకు లెన్సు డబ్బా ఒకటి, నీలం తెలుపు విడివిడిగా తగ్గించుకునేది, విజయేంద్ర చెప్పిన ధరలో ఎనిమిదో వంతుకు తెప్పించి దూలానికి వేలాడదీశాను.

మిల్లులోని వెలుతురు మీటరు అడిగి తెచ్చి, దాని కన్నును పాలిథిన్ కవర్లో చుట్టి తొట్టిలోకి దింపాను. పైన బ్రహ్మాండం. అడుగున పైదాంట్లో ఇరవయ్యో వంతు కూడా లేదు. నెల గడిచినా తోలు పగడం తెరుచుకోలేదు.

నా భర్త కేశవులు బస్టాండు దగ్గర సైకిళ్ళు, బండ్లు రిపేరు చేస్తాడు. తనే వెళ్ళి విజయేంద్రను వెంటబెట్టుకొచ్చాడు. విజయేంద్ర తొట్టిని చూసి, లైటును చూసి నవ్వాడు.

"నేను చెప్పలే? గీ డబ్బాలైటు బేకార్. తొట్టి నాకిచ్చేయ్ అక్కా, మంచి ధర ఇస్తా. ఉన్న జీవాలన్నా బతుకుతయి."

"ఇచ్చేయ్ రాదే," అన్నాడు కేశవులు. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నీకెందుకే గింత జిద్దు?"

నాకు ముక్కు మీద కోపం. నోరు ఊరుకుంటుందా? "వచ్చే నెల మొదటి ఆదివారం రా విజయేంద్ర. అప్పటికి గిది తెరుచుకోకపోతే తొట్టి, చేపలు, రాళ్ళు అన్నీ తీసుకపో. పైసా ఇవ్వకు," అనేశాను. అన్నమాట అన్నదే, వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

ఆ వారమే పోతనాళ నుంచి యలమందయ్యగారు వడ్లు తెచ్చారు. ఆయనది రేపల్లె వైపు. అక్కడ రొయ్యల చెరువులకు తెగులొచ్చి అంతా పోతే మా వైపు కాలవ కిందికి వచ్చి వరి వేసుకున్న మనిషి. మిషను దగ్గర నా మొహం చూసి ఏమైందని అడిగారు. చెప్పాను.

"దీపం సంగతి తర్వాతమ్మా, ముందు నీళ్ళ సంగతి చూశావా?" అన్నారాయన. "మేం చెరువులో తెల్ల పళ్లెం తాడు కట్టి దింపేవాళ్ళం. ఎంత లోతులో ఎలా కనపడుతుందో చూస్తే, ఎండ ఎంతవరకు దిగుతుందో తెలిసిపోద్ది. నువ్వూ ఓ పళ్లెం దింపి చూడు, డబ్బులడగదు."

సాయంత్రం మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పింగాణీ పళ్లేనికి దారం కట్టి, పైనుంచి చూస్తూ దింపాను. పైన తెల్లగా ఉంది. సగానికి వచ్చేసరికి పసుపునీళ్ళు చల్లినట్టుంది. అడుక్కి చేరేసరికి అది పలుచని చాయ్ రంగు.

సిగ్గేసింది నాకు, నిజంగా సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళు పసుపుగింజను ఏరిన కన్ను నాది! రోజూ ముందు అద్దంలోంచి, నీలం వెలుతురులో చూసి చూసి నీళ్ళు పసుపెక్కిన సంగతి కనిపెట్టలేకపోయాను. ఎందుకు పసుపెక్కవు? పద్నాలుగు నెలలుగా ఆ తొట్టిలోంచి ఒక్క చెంబు నీళ్ళు తీసి పారబోయలేదు. ఆవిరైపోయినంత పోయడమే. నెలనెలా కొంత నీరు మార్చాలని చదివాను, విన్నాను. కానీ నీళ్ళు పారబోయడమా? రాయచూరులోనా? చేయి రాలేదు. ఎంత ఖరీదైన దీపం పెట్టినా ఆ పసుపు నీళ్ళు దాన్ని మధ్యలోనే మింగేసేవి.

మర్నాడు నీళ్ళలోని రంగును పీల్చే బొగ్గు గుళికల సంచి తెచ్చి ఫిల్టర్లో వేశాను. ఉప్పు కలిపిన కొత్త నీళ్ళు ఒక డ్రమ్ములో సిద్ధం చేసి, పాత నీళ్ళు బకెట్‌తో తోడాను. మొదటి బకెట్ వీధి మురుగు పారే మోరీ దాకా మోసుకెళ్ళానో లేదో కేశవులు వచ్చి పట్టుకున్నాడు. నల్లా వచ్చే రోజు సొంత తమ్ముడి పెళ్ళి చూపులకు కూడా కదలని మనిషి.

"నీళ్ళు పారబోస్తున్నవా? తాగనీకి లేక వీధంత పరేషాన్ అయితుంటే!"

"ఉప్పునీళ్ళు. తాగు, చూస్త."

"మరి చెట్లకు పొయ్."

"చెట్లు సస్తయి. చెయ్యి తీయ్."

తీయలేదు. నేను బలంగా లాగి మోరీలో పోశాను. మూడు రోజులు అన్నం తనే వడ్డించుకుని తిన్నాడతను. ఆ మూడు రోజులూ ప్రతి బకెట్ పారబోసేటప్పుడు నాకూ మనసొప్పలేదు, అతనితో చెప్పలేదంతే.

నీళ్ళు తేటపడ్డాయి. అడుగున మీటరు అంకె రెట్టింపు దాటింది. ఒక్కసారిగా అంత వెలుతురు తగిలితే పగడం మాడిపోతుంది. అందుకని డబ్బాలైటును సగానికి తగ్గించి, రోజుకు కాస్త పెంచుతూ పోయాను. ఆదివారానికి తొమ్మిది రోజులుండగా తోలు పగడం మీద తెల్లటి మైనం పొర కమ్మింది. ముడుచుకుని, మురికిపట్టి అచ్చం చచ్చినట్టు కనిపించింది.

"పోయిందే. తీసి పడేయ్, కంపు కొడతది," అన్నాడు కేశవులు.

"దానిమీద చెయ్యి వేస్తే ఊరుకోను. అది పాము లెక్క తోలు విడుస్తది."

అలా అన్నానే కానీ, నిజంగా విడుస్తుందో, కుళ్ళుతుందో నాకూ తెలియదు. మిల్లుకు వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వంగి చూసేదాన్ని. శనివారం సాయంత్రం వరకు అలాగే ఉంది. తొట్టి లేకుండా ఆ మూల ఎట్లా ఉంటుందో ఊహించుకుని ఏడ్చాను కూడా.

ఆదివారం పదింటికి విజయేంద్ర ట్రాలీ ఆటోతో, ఇద్దరు మనుషులతో వచ్చాడు. ముందే గోనెసంచులు, తాళ్ళు తెచ్చుకున్నాడు. నేను ఇంకా లైటు వేయలేదు. "వెయ్ అక్కా, చూసి కట్టుకుంటం," అన్నాడు. స్విచ్ నొక్కాను.

పొర రాత్రి ఎప్పుడు జారిందో, గాజు మూలన నలిగిన కాగితంలా పడుంది. దాని పక్కన తోలు పగడం తల విప్పింది. ఒక్కొక్క వేలు బయటికొస్తోంది, అంచున మొదలై నడుమ దాకా. మెడ వంగి లేదు. నవ్విన నాపచేనే పండిందిరా అని అరవాలనిపించింది.

విజయేంద్ర మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పైకి చూశాడు, అదే డబ్బాలైటు. "లైటు మార్చినవా అక్కా?"

దారం కట్టిన పళ్లెం తీసి అతని ముందే అడుగుదాకా దింపాను. తెల్లగా, పైన ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా కనపడింది. "లైటు మార్చలే. నీళ్ళు మార్చిన," అన్నాను.

ఇంతలో వెనకనుంచి బకెట్ చప్పుడైంది. ఆ రోజు నీళ్ళు మార్చే రోజు. పొద్దున్నే నేను తోడి పెట్టిన పాత నీళ్ళ బకెట్ గుమ్మం లోపలే ఉంది. కేశవులు వచ్చాడు. పగడాన్ని చూశాడు, నన్ను చూశాడు. తన నలభై తొమ్మిదేళ్ళలో ఒక్క చెంబు నీళ్ళు వృథాగా ఒలకబోయని మనిషి, ఆ బకెట్‌ను రెండు చేతులతో ఎత్తుకుని గుమ్మం దాటాడు.

"జరగవయ్యా విజయేంద్ర," అన్నాడు. "మోరీకి అడ్డం నిలబడ్డది నీ ఆటో."