ఇత్తడి తొడుగు చప్పుడు

పన్నెండు కొట్టగానే పెద్ద దర్జీ మిషను మీద గుడ్డ కప్పి, సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు తీయకుండానే మనవరాలి కంప్యూటరు ముందు కూర్చునేది. టేపు మీద అంకెలు తప్ప చదవడం రాదు గానీ, మ్యాపులో చెల్లెలి ఇల్లు కళ్ళు మూసుకుని చూపించగలదు.

మనవరాలికి అదో సరదా. అందరూ రోజూ చూసే ఇంటర్నెట్ పేజీలనే తీసుకుని ఆటబొమ్మలు చేస్తుంది. వెతికే పేజీలో ఏం కొట్టినా అక్షరాలు జారి అడుగున కుప్పపడేవి. మ్యాపులో కనిపించే వీధుల ఫొటోల్లో తలుపులు తట్టే వీలు పెట్టింది. ఇక్కడ స్క్రీను మీద తడితే అక్కడ అసలు తలుపు మోగేది. "స్నానం చేస్తున్నానమ్మా, కాసేపాగి తట్టండి" అని పక్క వీధి ప్లంబరు ఫోను చేసేవాడు. ఎవరూ వింతగా చూడలేదు.

పెద్ద దర్జీ మాత్రం ఒకే తలుపు తట్టేది. పంతొమ్మిదేళ్ళ కిందట, బట్టలు కుట్టించుకునేవాళ్ళందరి ముందూ "అక్కా, ఆ కాలరు వంకరపోయింది" అని, అప్పట్నుంచీ మాటల్లేని చెల్లెలి తలుపు. టక్, టక్, టక్. చెల్లెలు బయటికొచ్చి ఖాళీ వీధిని అటూ ఇటూ చూసి, "ఎవడ్రా అది, నీ చేతులు పడిపోను!" అని తిట్టి లోపలికి పోయేది. ఆ పూటకి ఈవిడ కసి తీరేది.

"ఒంటరి మనిషి, అమ్మమ్మా. దయ్యమనుకుంటుంది."

"అనుకోనీ. నా కాలరు వంకరా?"

ఆ మంగళవారం తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ తట్టింది. కిటికీ కర్టెనయినా కదల్లేదు. చెవి స్క్రీనుకు ఆనించింది. తలుపు లోపలి నుంచి, నేలకు జానెడెత్తులో, గోటితో గీకినట్టు మూడు చప్పుళ్ళు.

చెప్పులు కూడా వేసుకోకుండా రెండు వీధులు పరుగెత్తింది పెద్దావిడ. తాళాలవాడి చేత గడియ పగలగొట్టించింది. తుంటి విరిగి గుమ్మం వెనకే పడి ఉంది చెల్లెలు, ముందురోజు సాయంత్రం నుంచీ.

"పన్నెండుకి వస్తావు కదాని ప్రాణం ఉగ్గబట్టుకున్నానే. ఇత్తడి చప్పుడు నాకు తెలీదా?"

"తెలిసీ తిట్టావా రోజూ?"

"తిట్టకపోతే మర్నాడు వస్తావా నువ్వు?"

పెద్దావిడ చెల్లెలి తల ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత అడిగింది: "కాలరో?"

"వంకరే" అంది చెల్లెలు.

ఆసుపత్రి నుంచి చెల్లెల్ని నేరుగా తన ఇంటికే తెచ్చుకుంది. చెల్లెలి ఇంటికి తాళం పడింది. ఓ రోజు ఇద్దరూ కాజాలు కుడుతుంటే, సరిగ్గా పన్నెండుకి కంప్యూటరులోంచి టక్, టక్, టక్. మనవరాలి చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

"చిన్నమ్మమ్మా, మీ తలుపే. లోపల్నుంచి. అక్కడ ఎవరూ లేరుగా?"

"ఇల్లుంది కదే" అంది చెల్లెలు, దారం కొరుకుతూ. "ఇవాళ ఎవరూ రాలేదేమని అడుగుతోంది."

పెద్ద దర్జీ లేచి వచ్చింది. తొడుగు వేలి నుంచి తీసి పక్కన పెట్టి, ఉత్త వేలితో, మెల్లగా తట్టింది.