జాకీ సీను

ఆటోనగర్‌లో మా షెడ్డులోనే తీసిన దెయ్యం సినిమా కదా అని ఓనరు సాంబశివరావుగారు మెకానిక్కులందర్నీ మార్నింగ్ షోకి తీసుకొచ్చారు. నాకు రావాలని లేదు. రెండేళ్ల కిందట అదే షెడ్డులో మా అన్న మంగరాజు లారీ కింద నలిగి చనిపోయాడు. షెడ్డులో ఒక్కడే పనిచేస్తుంటే జాకీ జారిందన్నారు. ఆ పూట తాను మంగళగిరిలో ఉన్నానని ఓనరుగారు పోలీసులకు చెప్పారు. నేనూ నమ్మాను.

తెరమీద విలన్ జాకీని తన్నాడు. లారీ కిందున్న హీరో గావుకేకలు పెడుతున్నాడు. వాడే దెయ్యమై వచ్చి పగ తీర్చుకుంటాడట. మావాళ్లకు భయమేం లేదు, తప్పులు పట్టడమే పని.

"అది కారు జాకీరా బాబూ, లారీని లేపుద్దా?"

"తంతే పడిపోద్దా ఎక్కడన్నా?"

హాలంతా ఒకటే నవ్వు. మనిషి నలిగిపోతుంటే నవ్వెలా వస్తుంది వీళ్లకు? కుదురుగా కూర్చోలేక సీట్లో అటూ ఇటూ కదులుతున్నాను.

ముందు వరసలోంచి ఓనరుగారు కూడా నవ్వుతూ వెనక్కి తిరిగారు.

"అంతసేపు అరవడానికి ఊపిరెక్కడుంటుందిరా? మన మంగరాజు ఒక్క కేకన్నా పెట్టాడా? మడమతో నేలని రెండుసార్లు కొట్టాడు, అంతే."

మావాళ్ల నవ్వు ఆగిపోయింది.

తెరమీద దెయ్యం ఇంకా రాలేదు. నేను సీట్లోంచి లేచాను.