టైగరు కడుపు

పేరుకు టైగరు. కడుపు మాత్రం చంటిపిల్ల కడుపు. జొన్న గట్క తప్ప ఏది తిన్నా పారుకునేది. ఊళ్లో ఎవరింట్లోనైనా ఫంక్షనయి ఒక కోడి ఎముక దొరికిందా, ఇక మూడు రోజులు తోక కాళ్ల మధ్య పెట్టుకుని మూలుగే. పోనీ గట్క ఒంటికి పడుతుందా అంటే అదీ లేదు. నూటిరవై గొర్రెలను కాసే మంద కుక్క అట్లా డొక్కలు తేలి తిరుగుతుంటే బీరమ్మకు ప్రాణం ఊరుకుంటుందా? బంట్వారం నుంచి వికారాబాద్ దాకా ఆటోలో ఒళ్లో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆటోవాడు ముక్కు మూసుకుంటే వాడి మీద ఇంతెత్తున లేచింది కూడా.

"నీ కడుపు ఎన్నడు చెడలేదార? సక్కగ నడుపు!"

డాక్టరు కుక్కల మేత సంచి పేరు రాసిచ్చాడు. అయితే ఒక్కసారిగా మార్చొద్దన్నాడు. మొదట మూడు వంతులు పాతది, ఒక వంతు కొత్తది. తర్వాత సగం సగం. అట్లా పది రోజులకు పూర్తిగా కొత్తది. ఆ సంగతి బీరమ్మకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. ఎండుగడ్డి మేసే గొర్రెలను ఒక్కసారిగా పచ్చి చేలోకి తోలితే కడుపుబ్బి కాళ్లు బారజాపుతాయని కాపరి ఇంట్లో పుట్టిన ఏ పిల్లకు తెలియదు?

"గొర్రెలకంటే సరే. కుక్కకు గూడ కొలతలేందే?" అని నవ్వాడు మొగుడు కిష్టప్ప. "ముప్పై ఏండ్లాయె, నాకెన్నడన్న గిట్ల కొలిచి పెట్టినవా?"

"నువ్వు రాళ్లేసినా అరిగించుకుంటవ్. దాని కథ వేరు."

తాండూరులో ఉండే బిడ్డ మల్లిక సంచి కొని పంపింది. లోపల ఎర్రెర్రటి గింజలు, మాంసం వాసన. బీరమ్మ చాయ గ్లాసుతో కొలిచి, గట్కలో కలిపి మూడు రోజులు పెట్టింది. టైగరు గిన్నె నాకి నాకి అద్దం చేసింది. కడుపు నిలబడింది. నాలుగో రోజు బీరమ్మ మర్‌పల్లిలో అక్క ఈశ్వరమ్మకు ఒంట్లో బాగాలేదంటే పోవాల్సి వచ్చింది. పోతూ పోతూ మొగుడికి పదిసార్లు చెప్పింది.

"ఇయ్యాల గూడ మూడు గ్లాసులు గట్క, ఒక్క గ్లాసు గింజలు. యాదుంచుకో."

"ఫికర్ చెయ్యకు, పోయిరా," అన్నాడు కిష్టప్ప.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సు దిగి, మంద పెట్టిన కంది చేనువైపు నడుస్తుంటే అరుపు వినిపించింది. కుక్క అరుపే, కానీ అట్లాంటి అరుపు బీరమ్మ ఎన్నడూ వినలేదు. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు, పరుగెత్తింది.

టైగరును తుమ్మచెట్టుకు కురచగా కట్టేశాడు కిష్టప్ప. మూతి ఎర్రగా ఉంది. ముందు ఎర్రటి కక్కు, వెనక నెత్తుటి విరేచనం. కిష్టప్ప రెండు చేతులా కట్టె ఎత్తి డొక్కలో వేశాడు. కుక్క గాల్లోకి లేచి తాడు బిగిసి కింద పడింది. మళ్లీ వేశాడు. ఈసారి ముందుకాలు పెళ్లుమంది.

"ఆగు! పిచ్చి లేసిందా నీకు?"

"తెల్లచెవుల గొర్రెపిల్ల మందల లేదు! తిన్నది లంజకొడుకు! మూతి చూడు, కక్కు చూడు! నీ సంచి మేతనే దీనికి మాంసం రుచి మప్పింది!"

గొర్రెపిల్ల నెత్తురు రుచి చూసిన కుక్కను కాపరులు ఉంచరు. పెంచిన చేతే కొట్టి చంపాలి, మంద చూస్తుండగా చంపాలి. జాలిపడి వదిలేసిన కాపరిని పక్క మందలవాళ్లు దగ్గరికి రానివ్వరు. ఆ కట్టుబాటు బీరమ్మకూ తెలుసు. తెలిసే అడ్డం పడింది.

"జరుగే!"

"జరగ! ఏం చేస్కుంటవో చేస్కో!"

కట్టె దిగింది. తల కాచుకోవడానికి ఎత్తిన ఎడమ ముంజేయి మీద పడింది. లోపల ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. కళ్లు బైర్లు కమ్మాయి. కిష్టప్ప ఆగలేదు, భుజం పట్టి పక్కకు లాగిపారేసి మళ్లీ కుక్క మీదికి పోయాడు. అతని కళ్లల్లో మనిషి లేడు. బీరమ్మ కుడిచేతికి గట్టు రాయి దొరికింది. ఆలోచించలేదు, విసిరింది. కణత మీద తగిలి చర్మం చిట్లింది. కిష్టప్ప మోకాళ్ల మీద కూలబడ్డాడు. నెత్తురు కంట్లోకి కారుతుంటే తుడుచుకుంటూ బూతులు తిట్టాడు.

ఆ సందులో బీరమ్మ కక్కులో చెయ్యి పెట్టింది. పిడికెడు తీసి మొగుడి మొహం ముందు చాపింది.

"చూడు! కాపరివేనా నువ్వు? ఉన్ని పోచ ఉన్నదా? బొక్క ముక్క ఉన్నదా? పిల్లను తిన్న కుక్క కక్కితే ఉన్ని రాదా?"

ఉన్ని లేదు. ఉబ్బిన ఎర్రటి గింజలు, వాటి చుట్టూ నెత్తుటి జిగురు. గింజలే, ఎన్నో గింజలు. బీరమ్మ ఒక్క క్షణం అరచేతిని చూసుకుంది.

"ఎన్ని గ్లాసులు పెట్టినవ్?"

కిష్టప్ప కంట్లో నెత్తురు తుడుచుకుంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నిన్నే అడిగేది! ఎన్ని పెట్టినవ్?"

"డొక్కలు చూస్తే పానం ఆగలేదే," అన్నాడు. "మాపు దాని బొచ్చె నిండ గింజలు పోసిన. తిని మల్ల అడిగింది. ఇంకో బొచ్చెడు పోసిన."

"గట్క?"

"గట్క కలపలే."

బీరమ్మ లేచి కంచె వెంట నడిచింది. విరిగిన చెయ్యి పొట్టకు అదుముకుని, పళ్లు బిగబట్టి. చేను అవతలి కొసన కంపకు తెల్లటి ఉన్ని చిక్కుకుని ఉంది. అక్కడి నుంచి పిల్లను ఈడ్చుకుపోయిన గీత గుట్ట వైపు పోయింది. గీత పక్కనే తోడేలు అడుగులు. ఇటు ఒక్కసారి వచ్చి చూసుంటే సరిపోయేది. కుక్క మూతి చూశాడు, కట్టె అందుకున్నాడు, అంతే.

ఆమె తిరిగొచ్చి చెప్పింది విని కిష్టప్ప తాడు విప్పాడు. ముడి రాకపోతే పళ్లతో లాగాడు. టైగరు లేవలేకపోయింది. పొట్ట మీద పాక్కుంటూ అతని దగ్గరికే వచ్చి, కట్టె పట్టిన ఆ చేతినే నాకింది. కిష్టప్ప బావురుమన్నాడు. దాన్ని ఒళ్లోకి తీసుకుని డొక్కలు నిమిరాడు, తలపాగా విప్పి విరిగిన కాలికి చుట్టాడు, తప్పయింది బిడ్డా తప్పయింది అని నూరుసార్లు అన్నాడు.

బీరమ్మ నిలబడే ఉంది. ముంజేయి వాచి నల్లబడింది. కట్టె దెబ్బకు పగిలిన ఎడమచేతి గాజులు నేలమీద ఉన్నాయి. కిష్టప్ప ఒక్కసారి కూడా అటు చూడలేదు.

"చూసినవా?" అన్నాడు ఏడుస్తూనే, కొంచెం నవ్వుతూ. "ఇంత కొట్టినా మాఫ్ చేసిందే నన్ను. చెయ్యి నాకుతున్నది చూడు."

"అది కుక్క, నాకుతది," అంది బీరమ్మ. "నేను నాకను."

అతని ఒళ్లోంచి కుక్కను కుడి చంకన ఎత్తుకుని రోడ్డువైపు నడిచింది.