న్యూట్రల్‌లో ఉంచవలెను

మోటార్ హోమ్‌లో కాపురం చేసే ఆడది "పాలు అయిపోయాయి" అనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే ఇల్లంతా కదలాలి. మాటవరసకి కాదు, నిజంగానే ఇల్లంతా, చక్రాల మీద ఇల్లు కదా. కాఫీ పాత్ర సింకులో పెట్టి, దొర్లకుండా చుట్టూ తువ్వాలు కుక్కాలి. ప్లేట్ల మధ్య గుడ్డలు పెట్టి అర తలుపుకి గడియ వెయ్యాలి. షాంపూ సీసాని స్నానాల గది నేల మీద పడుకోబెట్టాలి. మా ఆయన వెర్లిన్ కళ్ళజోడు, వెర్లిన్ మందుల డబ్బా, వెర్లిన్ సగం చదివి బోర్లా పెట్టిన పత్రిక, అన్నీ ఏరి సొరుగులో పడెయ్యాలి. నేనిదంతా చేస్తుండగా మా ఆయన బయటికెళ్ళి కరెంటు తీగ పీకి, నీళ్ళ గొట్టం చుట్టి, డ్రైవరు సీట్లో కూర్చుని "ఇంకా కాలేదా మార్లిస్?" అంటాడు.

పోయిన చలికాలం అరిజోనాలో మాకు నాలుగు నెలలు ఇలాగే గడిచాయి. మా మిన్నెసోటాలో మంచు మొదలవగానే, రిటైరై ఇంకా మోకాళ్ళు వంగే వాళ్ళంతా దక్షిణానికి బయల్దేరతారు. మేమూ బయల్దేరాం. ఎండ బాగానే ఉంది. నారింజపళ్ళు బాగానే ఉన్నాయి. ఆ నాలుగు నెలల్లో మోటార్ హోమ్‌లు నిలిపే పార్కు గేటు దాటి ఒంటరిగా నేను ఎక్కడికీ వెళ్ళలేదు, అంతే. ఆరు మైళ్ళ దూరంలో ఊరుంది. అక్కడ లైబ్రరీ ఉందని, ఈత కొలను ఉందని దారిలో బోర్డులు చూసి తెలుసుకున్నాను. ఒకరోజు ఊళ్ళోకి వెళ్ళాలని ఉందంటే వెర్లిన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఊళ్ళో నీకు పనేముంది?" అన్నాడు. పనేమీ లేదు. ఏ పనీ లేకుండా ఒక గంట ఎక్కడికైనా వెళ్ళాలని ఉంది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆ వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఉల్లిపాయలు తరుక్కున్నాను.

అందుకే ఈ అక్టోబరులో, మళ్ళీ బయల్దేరడానికి నెల ముందు, కారు మాట ఎత్తింది నేనే. మోటార్ హోమ్ వెనక కారు తగిలించి లాక్కెళ్తే, అక్కడ ఇంటిని కదపకుండానే తిరగొచ్చు కదా అన్నాను. వెర్లిన్ నెత్తి గోక్కున్నాడు. మా బండి చిన్నది, ఇరవై నాలుగడుగులే, లాగుతుందో లేదో అన్నాడు. కొండలెక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతుందన్నాడు. ఇలాంటివి నాతో తేల్చుకునేవి కావని, మర్నాడు పొద్దున కెఫేలో మగవాళ్ళ కాఫీ బల్ల దగ్గరికి పట్టుకెళ్ళాడు.

ఆ బల్ల దగ్గర అయిదుగురు కూర్చుంటారు. వారం రోజులు దీని మీదే చర్చ. ఒకరు లాగమన్నారు, ఒకరు వద్దన్నారు, మిగతావాళ్ళు బ్రేకుల గురించి మాట్లాడారు. కారు ఎవరికోసమన్న సంగతి మాత్రం ఎవరి నోటా రాలేదు. చివరికి వాళ్ళలో డెల్మర్ తన పాత లాగుడు కడ్డీ వాడి చూడమని ఇచ్చాడు. సోమవారంలోగా ఉంచుకుంటారో తిరిగిస్తారో తేల్చి చెప్పాలి, ఇంకెవరో అడుగుతున్నారట. తిరిగిస్తే నా కారు అమ్మేస్తానని వెర్లిన్ అన్నాడు. "చలికాలమంతా ఊరికే షెడ్డులో పడుంటుంది, ఎందుకది?" అని. అతని పికప్పు కూడా చలికాలమంతా షెడ్డులోనే పడుంటుంది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడ నా కారు గురించి చెప్పాలి. చిన్నది, ఎర్రది, పద్దెనిమిదేళ్ళది, క్లచ్చు తొక్కి గేర్లు మార్చుకునేది. "ఆ డబ్బా" అంటాడు వెర్లిన్. తళతళలాడే తన పికప్పునే లాక్కెళ్దామనుకున్నాడు పాపం. బండితో వచ్చిన పుస్తకం తీసి చూస్తే, దాన్ని నాలుగు చక్రాల మీద లాగితే గేరు పెట్టె కాలిపోతుందని రాసుంది. నా డబ్బాని మాత్రం ఎంత దూరమైనా లాక్కెళ్ళొచ్చట. మూడుసార్లు చదివాడు. నేను అటు తిరిగి నవ్వుకున్నాను.

ఆ మర్నాటి నుంచి నా కారు పేరు మారిపోయింది. లాక్కెళ్ళే కారుని మోటార్ హోమ్ జనం "టోడ్" అంటారు, అంటే కప్ప. లాగబడేది అన్న మాటా, కప్ప అన్న మాటా మా భాషలో చెవికి ఒకేలా వినిపిస్తాయి, అందుకు. వెర్లిన్‌కి ఆ పేరు తెగ నచ్చింది. భోజనాల బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకుని కప్పకి సంబంధించిన నియమాలు పైకి చదివాడు.

"గేరు న్యూట్రల్‌లో ఉంచవలెను. చేతి బ్రేకు వదిలివేయవలెను. స్టీరింగుకి తాళం పడకుండా చూడవలెను, అప్పుడే ముందు బండి ఎటు తిరిగితే అటు తిరుగును. లోపల ఎవరూ కూర్చొనరాదు. వింటున్నావా?"

"వింటున్నాను," అన్నాను. నా పెళ్ళప్పుడు ఎవరూ నాకింత వివరంగా చదివి వినిపించలేదు.

అంత కోరుకున్నదాన్నే అయినా, ఆ వారం నాకూ అనుమానం పట్టుకుంది. డెల్మర్ భార్య లవోన్‌కి ఫోన్ చేశాను. "లాగడం మా ఆయనే లాగేవాడు తల్లీ," అంది లవోన్. "తగిలించడం, విప్పడం, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడ్డం, వానలో ఆ బురద గొలుసులు తుడవడం నా వంతు. ఆయనకి నడుం నొప్పి కదా. నాకేమో నడుమే లేదాయె." కాసేపు నవ్వి, అసలు చిట్కా చెప్పింది. "కడ్డీకి వేసిన పిన్ను బిగుసుకుంటే సుత్తితో కొట్టకు. కారులో కూర్చుని బొటనవేలంత ముందుకు జరుపు, అదే ఊడొస్తుంది. మా ఆయనకిది ఇప్పటికీ తెలీదు. చెప్పకు."

కారు వెనక వస్తే నాకు ఊరు దొరుకుతుంది, ఇంకో చాకిరీ కూడా దొరుకుతుంది. రాకపోతే రెండూ ఉండవు. ఇది బేరమా, శిక్షా అని పళ్ళెం తుడుస్తూ ఆలోచించాను. ఒకటే పళ్ళెం చాలాసేపు తుడిచినట్టున్నాను.

ఇంకో సంగతుంది. ఇది చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపాను. నలభై అడుగుల బస్సు, అరవై మంది పిల్లలు, జనవరి మంచు. పొలాల మధ్య సందుల్లో అద్దాలు చూసుకుంటూ వెనక్కి నడిపిన దూరం కలిపితే అరిజోనా దాకా వెనక్కే వెళ్ళిపోవచ్చు. వెర్లిన్ విత్తనాల కంపెనీలో అమ్మకాల మనిషి. ఎవరైనా అడిగితే "మార్లిస్‌ది పొద్దునో గంట, సాయంత్రమో గంట, కాలక్షేపం" అనేవాడు. మా అత్తగారు ఆర్డిస్ ఒకసారి చర్చి నుంచి వస్తూ, నేను కారు తాళాలు తీస్తే, "మగాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నువ్వు నడుపుతావా అమ్మాయ్? చూసినవాళ్ళు వాడికేదో జబ్బు చేసిందనుకుంటారు" అన్నారు. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. తాళాలు మాత్రం ఇప్పటికీ వెర్లిన్ జేబులోనే ఉంటాయి. మోటార్ హోమ్ స్టీరింగు నేను ఒక్కసారైనా ముట్టుకోలేదు. అతను దాన్ని వెనక్కి తీసేటప్పుడు వెనక నిలబడి చేతులూపడం నా ఉద్యోగం. ఎటు ఊపినా తప్పే.

శనివారం పరీక్ష పెట్టుకున్నాం. కారు తగిలించి పాతిక మైళ్ళు వెళ్ళి రావాలి. సాఫీగా జరిగితే కప్ప, లేకపోతే అమ్మకం. తగిలించింది నేను. అతనికి నడుం నొప్పి లేదు గానీ మోకాలి నొప్పుంది. దారిలో బాగానే సాగింది. అరగంట గడిచేసరికి మా ఆయనకి కళ్ళు నెత్తికెక్కి, ఒంటిచేత్తో నడపడం మొదలుపెట్టాడు. అప్పుడే ఆపిల్ తోట బోర్డు కనిపించింది, వేడి డోనట్లు అని.

"అందులో తిరగడానికి చోటుందో లేదో కనుక్కుందాం," అన్నాను. లాగుడు కడ్డీ మీద కారు ఉండగా బండిని వెనక్కి తీయకూడదు. తీస్తే వెనక కారు చక్రాలు అడ్డం తిరిగి కడ్డీ వంగిపోతుంది. పుస్తకంలో ఎర్రక్షరాలతో రాసిన నియమం అదొక్కటే.

"ప్రతిదానికీ భయమే నీకు," అని వెర్లిన్ లోపలికి తిప్పేశాడు.

దారి సన్నంగా, వంపుగా ఉంది, రెండువైపులా కాయల బరువుతో వంగిన చెట్లు. చివర గడ్డిమోపులు పేర్చి, గుమ్మడికాయలు పెట్టి, దారి మూసేశారు. వెనక చూస్తే అప్పటికే ఏడు కార్లు. మా ఊళ్ళ వాళ్ళు హారన్ కొట్టరు. ఇంజను ఆపి, నవ్వుతూ, "తొందరేం లేదు" అన్నట్టు చెయ్యి ఊపుతారు. అంతకంటే నలుగురూ రాళ్ళేసినా బాగుండేది. వెర్లిన్ మెడ ఎర్రబడింది.

కారు విప్పడానికి దిగి వెనక్కెళ్ళి పిన్ను పీకాడు, రాలేదు. మలుపులో ఆగడంతో కడ్డీ బిగుసుకుపోయింది. సుత్తి అడిగాడు. నేను సుత్తి ఇవ్వలేదు. నా కారులో కూర్చుని, బొటనవేలంత ముందుకు జరిపి, దిగి, రెండు వేళ్ళతో పిన్ను లాగేశాను. వెర్లిన్ ఆ పిన్నునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "వదులు చేసింది నేనేగా," అన్నాడు.

వెనకవాళ్ళు ఒక్కొక్కరే కార్లు వెనక్కి తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. నేనూ నా కారుని వెనక్కి తీసుకెళ్ళి రోడ్డు పక్కన వెడల్పు చోట పెట్టి, నడిచొచ్చాను. ఇక మోటార్ హోమ్ మిగిలింది. వెర్లిన్ రివర్సు వేశాడు. నేను చేతులూపాను. అతను నా చేతుల్ని చూడలేదు, ఎప్పుడూ చూడడు. మొదటిసారి ఎడమ చెట్టు తగిలి కప్పు మీద దబదబా ఆపిల్ కాయలు రాలాయి. రెండోసారి కుడి చెట్టు. తోట యజమానురాలు బయటికొచ్చి, "పర్లేదండీ, ఎలాగూ కొయ్యాల్సినవే," అంది నవ్వుతూ. అతని తలప్రాణం తోకకొచ్చింది. మూడోసారి కూడా కాయలు రాలాక దిగాడు. తోటకొచ్చిన జనం చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి కదా, అన్నాడు.

"నువ్వేమైనా తీస్తావా ఏంటి?"

మా ప్రాంతంలో ఒక మర్యాదుంది. ఎవరేమిచ్చినా మొదటిసారి "పర్లేదులే" అనాలి. రెండోసారీ అనాలి. మూడోసారి అడిగితే, "మరీ అంతగా అంటే" అని తీసుకోవాలి. ఇచ్చేవాడికీ, పుచ్చుకునేవాడికీ ఇది తెలుసు. రెండేళ్ళ క్రితం ఈ బండి కొన్నరోజు, దుకాణం ముందు, వెర్లిన్ తాళాలు చూపించి "నడుపుతావా?" అన్నాడు. నా చేతులు దురద పెట్టాయి. అయినా ఒద్దికైన ఆడదాన్ని కదా, "పర్లేదులే" అన్నాను. రెండోసారి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. అతను అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. ఇప్పుడూ అంతే. అడిగీ అడగడంతోనే సగం వెనక్కి తిరిగాడు, నేను కాదంటానన్న భరోసాతో.

"తీస్తాను," అన్నాను.

వెర్లిన్ ఆగిపోయాడు. మా పెళ్ళయ్యాక నేను మొదటిసారి అడగ్గానే పుచ్చుకున్నది ఇదే. తాళాలు ఇంజనుకే ఉన్నాయి. ఎక్కి సీటు ముందుకు జరుపుకున్నాను. అద్దాలు రెండూ నా కళ్ళకి సరిపెట్టుకున్నాను. వెర్లిన్ వెనక నిలబడి, కోళ్ళని తోలుతున్నట్టు చేతులూపడం మొదలుపెట్టాడు. ఎటు రమ్మంటున్నాడో అతనికే తెలియదు. అద్దంలోంచి అతన్ని వదిలేసి, దారి చూసుకున్నాను. కొమ్మలు అటూ ఇటూ రాసుకుంటూ పోయాయి, ఒక్క కాయ రాలలేదు. రోడ్డెక్కి వంపు తిప్పి కారు ముందు ఆపాను. గడ్డిమోపుల దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే గట్టిగా ఏడవాలనిపించింది. ఆ సంతోషం నిండా కోపం కూడా ఉంది. రెండేళ్ళు నేను ఊరికే చేతులూపాను.

కిటికీ దించి, కారు తగిలించమన్నాను. తప్పలేదు, తగిలించాడు, మోకాలుతో సహా. పిన్నులు, గొలుసులు, లైట్లు. న్యూట్రల్‌లో వేశాడా అని అడిగాను, వేశాడట. చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి నా తలుపు దగ్గర నిలబడ్డాడు, నేను దిగుతానని.

"డెల్మర్‌కి చెప్పు, కడ్డీ ఉంచుకుంటున్నామని," అన్నాను. "కారు లాగుదాం. ఈ బండి నడిపేది నేను. అక్కడికెళ్ళాక కారు తాళాలు నా దగ్గరుంటాయి. ఎక్కడికని అడగొద్దు."

వెర్లిన్ ఇటు చూశాడు, అటు చూశాడు. మూతి ముడుచుకున్నాడు.

"ఎక్కుతావా?" అన్నాను.

"పర్లేదులే," అన్నాడు గడ్డం పైకెత్తి. అని, మర్యాద ప్రకారం, నిలబడ్డాడు.

రెండోసారి అడగకుండా ఇంజను స్టార్ట్ చేశాను.