అరవై శాతం డివిడెండ్

రాధాకృష్ణమూర్తిగారు ముప్ఫై ఏళ్ళుగా దేశ రాజధానిలో కేంద్ర ప్రభుత్వ కొలువులో ఉన్నారు. లోకంలో శాతమన్నది ఎక్కడ కనిపించినా అది బేసిక్ మీద డీఏ లాంటిదేనని ఆయన నమ్మకం. అందుకే హిమాచల్‌లో ఆపిల్ తోటలున్న ఒక కంపెనీ అరవై శాతం డివిడెండ్ ఇస్తోందని పోయినేడు చదివిన రోజు, ద్వారక ఫ్లాట్‌లో ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు. నాలుగు వందల చొప్పున మూడు వందల షేర్లు కొనేశారు. లక్షా ఇరవై వేలకి అరవై శాతమంటే డెబ్బై రెండు వేలు, కాలు మీద కాలేసుకుని కూర్చున్నా వస్తాయి.

వచ్చింది పద్ధెనిమిది వందలు.

ఇంకొకరైతే తల పట్టుకునేవారు. ఆయన మాత్రం ఇది మొదటి విడత అనీ, మిగతాది ఎరియర్స్‌గా వస్తుందనీ తేల్చేశారు. ఆ సంతోషంలో టవర్‌లో ఇంటింటికీ కాజూ కత్లీ పంచారు. మిఠాయి ఖర్చు రెండు వేల రెండు వందలు.

భార్య లలితకుమారి పదిహేనేళ్ళు డైనింగ్ టేబుల్ దగ్గర సొసైటీ పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పింది. అలా కూడబెట్టిన ఆరు లక్షలూ ఆమె పేర ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవర్నీ అడక్కుండా ఆమె ఖర్చుపెట్టుకోగలిగిన డబ్బు అదొక్కటే. దాని గడువు సోమవారంతో తీరుతోంది. కంపెనీ ఈ ఏడాదీ అరవై శాతమే ప్రకటించింది. ఆ డబ్బుతోనూ అవే షేర్లు కొందామని మూర్తిగారు బ్యాంకు ఫారం తెచ్చి, సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి మరీ ఆమె ముందుంచారు.

ఆమె మర్యాదగానే చెప్పి చూసింది. ఆ అరవై శాతం మనం కొన్న ధర మీద కాదు, షేరు ముఖ విలువ పది రూపాయల మీద. పదికి ఆరు. మూడు వందల షేర్లకి పద్ధెనిమిది వందలు. మొత్తం వచ్చేసింది, ఇక రావలసిందేమీ లేదు. నాలుగు వందలకి ఆరంటే నూటికి ఒకటిన్నర, డిపాజిట్టే దాదాపు ఏడు ఇస్తోంది.

ఆయన జాలిగా నవ్వారు. “ఎనిమిదో క్లాసు లెక్కలు వేరు, మార్కెట్ వేరు లలితా. పది రూపాయలకి ఈ రోజుల్లో ఆపిలే రాదు, షేరొస్తుందా?”

లలితకుమారికి కోపం రాలేదు. కోప్పడ్డానికైనా అవతల కాస్త సరుకుండాలి. ట్యూషన్‌కొచ్చిన వాళ్ళలోనూ మొద్దులుండేవారు గానీ, తమకి రాదని వాళ్ళకి తెలుసు. పైగా ఫీజు ఇచ్చేవారు.

“అయితే ఒక పని చేద్దామండీ,” అంది. “మీకింకా డెబ్బై వేల రెండు వందలు రావాలి కదా. ఆ ఎరియర్స్ పడిన రోజే నేను సంతకం పెడతాను. పద్ధతి ప్రకారం పోదాం.”

పద్ధతి అనేసరికి ఆయన మొహం విప్పారింది. “ఠీక్ హై. అలాగే కానీ.”

సోమవారం ఆయన ఆఫీసుకెళ్ళగానే ఆమె బ్యాంకుకెళ్ళి డిపాజిట్‌ని మరో ఐదేళ్ళకి రెన్యూ చేయించుకుంది. సాయంత్రం మూర్తిగారు కంపెనీకి ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. విషయం, రిఫరెన్సు, నకళ్ళు ఎవరెవరికో, అన్నీ పద్ధతిగా కుదిరాయి. ఒక్కచోట కలం ఆగింది.

“ఆలస్యానికి వడ్డీ కూడా అడగనా?”

“అడగండి,” అంది లలితకుమారి, ఆయన ముందు టీ పెడుతూ. “మన హక్కు కదా.”