వరహాలు గారి కొబ్బరికాయ

నేను ఒక సైకిల్ని. ఆ మాట చప్పున నమ్మిన మనిషిని మాత్రం ఇంతవరకూ చూడలేదు. కార్బన్ నారను బట్టలా నేసి, జిగురు పట్టించి, అచ్చులో పెట్టి కాలిస్తే పుట్టాను. నా నడుంలో ఇనుమన్నది లేదు. విశాఖపట్నంలో వరహాలు గారు కూతురు హిమజ కోసం నన్ను కొన్ననాడు ఒంటిచేత్తో ఎత్తి, "ఏటిది, దూదిమూటలాగుంది! ఎన్నాళ్లుంటాది?" అని కొట్టువాణ్ణి అనుమానంగా చూశారు.

ఆ అనుమానం తీరడానికి గుడి దగ్గర పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, నాకు పసుపు పూశారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత కొబ్బరికాయ పట్టుకుని, లారీ బంపరుకు కొట్టినట్టు నా నడుం గొట్టం మీద ఠపీమని కొట్టారు. ఎక్కినవాళ్ల బరువు ఏళ్ల తరబడి మోస్తాను గానీ, పక్కనుంచి అలాంటి దెబ్బ తగిలితే లోలోపల చిట్లుతాను. రంగు పెచ్చు లేచినచోట ఆయన దేవుడి స్టిక్కరు అంటించి కళ్లకద్దుకున్నారు.

రెండేళ్లు హిమజను మోశాను. కొండ దిగిన ప్రతిసారీ పగులు ఇంకాస్త సాగేది. మలుపు వస్తే నాకు ప్రాణం గిలగిల్లాడేది. చెప్పడానికి నోరేదీ?

పిల్ల పొడుగైందని నన్ను అమ్మకానికి పెట్టారు. పైడితల్లి అనే ఆటల టీచరు చూడటానికి వచ్చారు. ఆవిడ చూపులోనే అనుమానం ఉంది. కుండ బేరం చేసినట్టు వేలి కణుపుతో కొట్టుకుంటూ వచ్చారు. అన్నిచోట్లా టంగుమన్నాను, స్టిక్కరు దగ్గర బొంగురుగా పలికాను.

"ఇది పీకుతానండి."

"అమ్మమ్మో, దేవుడు! పీకకూడదు."

"దణ్ణం ఎట్టుకునే పీకుతాను లెండి."

అన్నట్టే దణ్ణం పెట్టి పీకేశారు. పగులులో గోరు దిగింది.

"దీన్ని ఆఖరుసారి ఎవరెక్కారండి?"

"మా పాపే. పొద్దున్నే కొండ దిగొచ్చింది."

"ఇంకోపాలి దిగుంటే మలుపులో రెండు ముక్కలైపోయేదండి."

అది తాను కొబ్బరికాయ కొట్టిన చోటేనని వరహాలు గారు గుర్తుపట్టారు. కొట్టువాణ్ణి అనుమానించారు, నన్ను అనుమానించారు. తన చేతిని మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. టీచరు వెళ్లాక రంపం తెచ్చి, ఇంకెవరూ ఎక్కకుండా నన్ను తానే కోసేశారు. నాకు కోపం రాలేదు, హాయిగా అనిపించింది.

సాయంత్రం హిమజ వచ్చి, "నాన్నా, నా సైకిలు!" అని కేక పెట్టింది. ఆయన ఆ పిల్ల మోచేతులు, మోకాళ్లు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటూ ఉండిపోయారు.